లాటరీ వద్దు, చీటీ పెట్టండి: యాక్షన్ ఆర్‌పీజీ ఎండ్‌గేమ్ లూట్ మీద ఒక ఫిర్యాదు

వీధిలో ఇరవై మంది కలిసి చీటీ మొదలుపెడతారు. నెలకోసారి డబ్బాలో పేర్లు వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరు వస్తే ఆ నెల సొమ్ము వాళ్లది. ఆ పేరు మళ్లీ డబ్బాలోకి పోదు. మొదటి నెలే మీ పేరు రావచ్చు, పద్దెనిమిది నెలలు ఎదురుచూడాల్సి రావచ్చు, కానీ ఇరవయ్యో నెల మాత్రం దాటదు. లాటరీ టికెట్టుకు ఆ లక్షణం లేదు. వందోసారి కొన్నవాడికీ మొదటిసారి కొన్నవాడికీ దాని దగ్గర తేడా లేదు.

అదృష్టం రెండింటిలోనూ ఉంది. డబ్బా తెరిచేటప్పుడు గుండె వేగం పెరగడం కూడా రెండింటిలోనూ ఉంది. అయితే చీటీ మీరు కట్టిన వాయిదాలను గుర్తుపెట్టుకుంటుంది, లాటరీ పెట్టుకోదు. యాక్షన్ ఆర్‌పీజీల (శత్రువులను చంపుతూ పాత్రను బలపరుచుకునే వీడియో గేమ్‌ల) ఎండ్‌గేమ్ మీద, అంటే ఆట చివరి దశ మీద, నా అసహనమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

కథ అయిపోయి, లెవెల్ నిండి, బిల్డ్ (పాత్రకు ఎంచుకున్న నైపుణ్యాల, సామగ్రి కూర్పు) కుదిరాక మిగిలేది నాలుగైదు వస్తువుల వేట. శత్రువు చచ్చాక నేల మీద ఏ లూట్ పడుతుందో ముందే తెలిస్తే ఈ ఆటల్లో సగం రుచి పోతుంది, అందులో నాకు సందేహం లేదు. కాబట్టి ర్యాండమ్‌ను తీసేయమని అడగడం లేదు. ఒక ర్యాండమ్ మీద ఇంకో ర్యాండమ్, దాని మీద మరొకటి పేర్చి, ఏ మెట్టులో తప్పినా మొదటికి పంపి, తప్పిన సంగతి ఎక్కడా రాసుకోని పద్ధతి మీదే నా ఫిర్యాదు.

ముందు ఒక లెక్క చూడాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పుగా చదువుతారు. ఒక బాస్ (పెద్ద శత్రువు) దగ్గర మీకు కావలసిన వస్తువు పడే అవకాశం 1 శాతం అనుకోండి. వంద సార్లు చంపితే వచ్చేస్తుంది అనిపిస్తుంది. నిజానికి వంద సార్లు చంపాక కూడా రానివాళ్లు 100 మందిలో 37 మంది ఉంటారు. సగం మందికి 69వ సారికల్లా వచ్చేస్తుంది, ఆన్‌లైన్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టేది ఎక్కువగా వాళ్లే. 90 శాతం మందికి రావాలంటే 230 సార్లు, 99 శాతం మందికి రావాలంటే 459 సార్లు పడుతుంది. లక్ష మంది ఆ వస్తువు కోసం ఆడుతుంటే, 459 సార్లు చంపి ఖాళీ చేతులతో ఉన్నవాళ్లు దాదాపు వెయ్యి మంది. వాళ్లు ఆటలో ఏ తప్పూ చేయలేదు. సగటు మాత్రమే చూసి డ్రాప్ రేటు పెట్టినప్పుడు ఈ వెయ్యి మంది లెక్కలో కనబడరు.

ఇది ఒక్క పొరే. పొరలు కలిసినప్పుడు ఏమవుతుందో చూడడానికి గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో పాత్రకు తొడిగే ఆర్టిఫ్యాక్టులు మంచి ఉదాహరణ. ఫోన్‌లో నడుస్తుంది కాబట్టి కన్సోల్ లేని ఇళ్లలో కూడా ఈ బాధ పరిచయమే. పైరో డ్యామేజ్ (నిప్పు దెబ్బల బలం) పెంచే గాబ్లెట్ (గిన్నె ఆకారపు ఆర్టిఫ్యాక్టు) ఒకటి కావాలి, అదీ మీకు కావలసిన సెట్‌లోనే. డొమైన్ (వాటిని వేటాడే చోటు) ఇచ్చేది రెండు సెట్లు కాబట్టి మీ సెట్ పడే అవకాశం సగం. అయిదు స్లాట్లలో గాబ్లెట్ కావడం అయిదింట ఒకటి. గాబ్లెట్ మీద పైరో మెయిన్ స్టాట్ (ముఖ్య గుణం) రావడం 5 శాతం. మూడూ గుణిస్తే 0.5 శాతం, అంటే 200 ఆర్టిఫ్యాక్టులకు ఒకటి. డొమైన్‌లో ఖర్చయ్యే రెజిన్ ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 180 తయారవుతుంది, ఒక్కో రన్‌కు 20 పోతే రోజుకు తొమ్మిది రన్‌లు. రన్‌కు దాదాపు ఒక అయిదు నక్షత్రాల ఆర్టిఫ్యాక్టు లెక్కన, సగటున మూడు వారాలు. ఇంతా చేస్తే చేతికొచ్చింది సరైన మెయిన్ స్టాట్ మాత్రమే. దాన్ని 20వ లెవెల్‌కు తీసుకెళ్లేటప్పుడు నాలుగు లెవెల్‌లకొకసారి చొప్పున అయిదు సార్లు సబ్‌స్టాట్ (ఉప గుణం) పెరుగుతుంది, ఏది పెరుగుతుందో మళ్లీ ర్యాండమే. క్రిట్ (భారీ దెబ్బ) మీద పడాల్సినవి డిఫెన్స్ మీద పడితే మూడు వారాల పని ఇంకో ఆర్టిఫ్యాక్టుకు మేతగా పోతుంది.

ఇందులో తెలిసినవాళ్లు వాడే దారి ఒకటుంది. నాలుగు ముక్కల సెట్ బోనస్‌కు అయిదు స్లాట్లలో నాలుగే చాలు. కాబట్టి గాబ్లెట్‌ను సెట్ బయటి నుంచి తీసుకోండి. అప్పుడు సెట్ అనే పొర పోయి 200కు ఒకటి కాస్తా 100కు ఒకటి అవుతుంది, పైగా ఏ డొమైన్‌లో ఆడినా ఆ వేట సాగుతూనే ఉంటుంది. మూడు అయిదు నక్షత్రాల ముక్కలు పడేసి ఎంచుకున్న సెట్‌లో ఒకటి తీసుకునే స్ట్రాంగ్‌బాక్స్ కూడా పొరలో సగాన్ని కొట్టేస్తుంది. 2024 ఆగస్టులో 5.0 వెర్షన్‌తో వచ్చిన ఎలిక్సిర్ అయితే సెట్, స్లాట్, మెయిన్ స్టాట్, రెండు సబ్‌స్టాట్లు మీరే ఎంచుకోనిస్తుంది. అది చీటీయే. చాలా తక్కువగా ఇస్తారు కాబట్టి దాన్ని గాబ్లెట్ లాంటి కష్టమైన స్లాట్‌కు దాచుకోవాలి. పువ్వు, ఈక అనే స్లాట్ల మీద మెయిన్ స్టాట్ ఎప్పుడూ ఒకటే, వాటి మీద ఖర్చు పెట్టడం వృథా.

డయాబ్లో 4కి వద్దాం. పొరలతో పాటు వైకుంఠపాళి పాములు కూడా ఉన్న ఆట ఇది. 2024 మే 14న మొదలైన నాలుగో సీజన్ లూట్‌ను మొత్తం మార్చింది, చాలా వరకు మంచికే. సంచిలో చెత్త తగ్గింది. ఒక్కో వస్తువు మీద మూడు అఫిక్సులు (బలం పెంచే గుణాలు), వాటికి తోడు టెంపరింగ్ అనే పద్ధతితో మీరు కలిపే రెండు ఉండేవి. ఆపైన మాస్టర్‌వర్కింగ్ అప్పట్లో పన్నెండు మెట్లు: మామూలు మెట్టుకు అన్ని అఫిక్సులూ 5 శాతం పెరిగేవి, 4, 8, 12 మెట్లలో ర్యాండమ్‌గా ఏదో ఒక అఫిక్స్ 25 శాతం పెరిగేది. వినడానికి బాగుంది.

అప్పటి టెంపరింగ్‌లో చిక్కు ఏమిటంటే, మాన్యువల్ ఒక జాతి అఫిక్సుల సమూహం, అందులో మీకు కావలసింది ఒకటే, ప్రయత్నాలు పరిమితం, ఆ ప్రయత్నాలు రెండు టెంపర్లకూ ఉమ్మడి. ఒక్కో మాన్యువల్‌లో నాలుగు అఫిక్సులు, వస్తువు మీద మొత్తం ఆరు ప్రయత్నాలు అనుకొని లెక్క వేయండి. రెండు సరైనవి రావాలంటే ఆరింట కనీసం రెండు సార్లు నాలుగింట ఒకటి తగలాలి. తగలకపోయే అవకాశం 53 శాతం. అంటే నేల మీద మూడు గ్రేటర్ అఫిక్సులతో (మామూలు కంటే ఎక్కువ విలువ ఉన్నవాటితో) పడిన అపురూపమైన గ్లవ్స్ కూడా సగానికి పైగా ఈ మెట్టు దగ్గర పాడైపోయేవి. ఆటగాళ్లు దీన్ని "బ్రిక్" అవడం అన్నారు. వైకుంఠపాళిలో పైవరుసకు చేరాక నోరు తెరుచుకుని ఉండే పెద్ద పాము ఇదే. తేడా ఒకటే, వైకుంఠపాళిలో కింద పడ్డా పావు చేతిలోనే ఉంటుంది. ఇక్కడ వస్తువే పోయేది.

నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఈ వరుసక్రమం. అతి అరుదైన భాగం, అంటే నేల మీది డ్రాప్, మొదట వస్తుంది. దాన్ని నాశనం చేయగల చవక పాచిక తర్వాత వస్తుంది. దీన్ని తిరగేసి ఉంటే, అంటే టెంపర్‌ను ముందే విడిగా తయారుచేసి తర్వాత వస్తువు మీద వేసే పద్ధతి పెట్టి ఉంటే, మొత్తం అవకాశం అంతే ఉన్నా కడుపుమంట చాలా తగ్గేది. మంచి డ్రాప్ చూసి సంతోషపడాల్సింది పోయి ఇక టెంపరింగ్ దగ్గరికి వెళ్లాలే అని భయపడేలా చేసింది ఆ క్రమం. 2024 అక్టోబరు 8న వెసెల్ ఆఫ్ హేట్రెడ్ అనే అదనపు భాగంతో పాటు టెంపరింగ్‌ను తిరిగి మొదలుపెట్టనిచ్చే స్క్రోల్ వచ్చింది, 2025 డిసెంబరు నాటి పదకొండో సీజన్‌లో కావలసిన టెంపర్‌ను నేరుగా ఎంచుకునే వీలే ఇచ్చారు. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో గ్రైండ్ తగ్గిపోతుందన్న భయం ఎవరికైనా ఉండి ఉంటే, అది అక్కరలేనిదని నా అభిప్రాయం. వేట ఎలాగూ నేల మీద మిగిలే ఉంది.

నాలుగో సీజన్ నాటి మాస్టర్‌వర్కింగ్ లెక్క ఇంకా చెప్పుకోదగ్గది. అయిదు అఫిక్సుల్లో మీకు కావలసినదాని మీదే మూడు పెద్ద పెంపులూ పడే అవకాశం 125లో ఒకటి. తప్పితే మొత్తం మొదటికి తెచ్చుకోవాలి. అప్పట్లో మొదటి నాలుగు మెట్లకు ఆబ్డ్యూసైట్ అనే సరుకు, తర్వాతి నాలుగుకు ఇంగోలిత్, చివరి నాలుగుకు నీథైరన్ కావాలి, అన్నీ పిట్ అనే నేలమాళిగలోనే దొరికేవి, చివరిది పిట్ లోతుల్లో. ఇలాంటి చోట తెలియనివాళ్లు చేసే తప్పు పన్నెండు దాకా వెళ్లి చూసుకోవడం. నాలుగో మెట్టు దగ్గరే చూడండి. కావలసినది తగలకపోతే అక్కడే రీసెట్ చేయండి. ఇలా ఆడితే మూడు పెంపులూ రావడానికి సగటున 125 సార్లు నాలుగు దాకా, 25 సార్లు నాలుగు నుంచి ఎనిమిది దాకా, 5 సార్లు మాత్రమే ఎనిమిది నుంచి పన్నెండు దాకా వెళ్తారు. అన్నిటికంటే ఖరీదైన సరుకు అన్నిటికంటే తక్కువ సార్లు ఖర్చవుతుంది.

రెండు పెంపులతో ఆగితే ఎంత మిగులుతుందో కూడా చూడండి. నాలుగు దాకా 25 సార్లు, ఎనిమిది దాకా 5 సార్లు, పన్నెండు దాకా ఒక్కసారి. మూడో పెంపు ఇచ్చేది మొదటి రెండూ ఇచ్చినట్టే 25 శాతం, దాని కోసం అడిగేది అయిదింతల సరుకు. రెండు దగ్గర ఆగి, మిగిలిన సరుకు ఇంకో నాలుగు వస్తువుల మీద పెట్టినవాళ్లకు మొత్తం మీద ఎక్కువ బలం వస్తుంది. అయినా చాలామంది మూడో దాని కోసమే సీజన్ అంతా పిట్‌లో గడిపారు, ఎందుకంటే బిల్డ్ గైడ్‌లన్నీ మూడుతోనే బొమ్మ చూపిస్తాయి. గైడ్‌లో ఉన్నది పైకప్పు, ఆటకు అవసరమైన కొలత అది కాదు.

పాములను తీసేసినా ఆట చప్పబడదనడానికి లాస్ట్ ఎపాక్ ఉంది. ఎలెవెన్త్ అవర్ గేమ్స్ వాళ్ల ఈ ఆటలో మొదట్లో క్రాఫ్టింగ్ (వస్తువును మార్చి మెరుగుపరచడం) చేస్తుంటే అస్థిరత పెరిగి వస్తువు "ఫ్రాక్చర్" అయ్యేది, కొన్నిసార్లు ఉన్న అఫిక్సులు కూడా దెబ్బతినేవి. 2021 డిసెంబరులో దాన్ని తీసేసి ఫోర్జింగ్ పొటెన్షియల్ పెట్టారు. ఒక్కో మార్పుకు ర్యాండమ్‌గా కొంత పొటెన్షియల్ ఖర్చవుతుంది, సున్నాకు వస్తే ఇక మార్చలేరు, అంతే. చేసినది చేసినట్టే ఉంటుంది. అదృష్టం అలాగే ఉంది, ఎంత దూరం పోతామో తెలియదు, కానీ వెనక్కి పడడం లేదు. గ్లిఫ్ ఆఫ్ హోప్ వాడితే పొటెన్షియల్ ఖర్చు కాకుండా ఉండే అవకాశం 25 శాతం, కాబట్టి టైరు (అఫిక్స్ స్థాయి) పెంచే ప్రతిసారీ అది పెట్టడం అలవాటు చేసుకోవాలి. క్రాఫ్టింగ్‌తో అయిదో టైరు దాకానే పోగలరు, ఆరు ఏడు నేల మీద పడాల్సిందే. అందుకే ఎగ్జాల్టెడ్ వస్తువు (అలాంటి పెద్ద టైరు ఉన్నది) కింద పడినప్పుడు ఆనందం మిగిలే ఉంటుంది.

ఇందులోనూ ఒక లాటరీ ఉంది: లెజెండరీ పొటెన్షియల్. నాలుగు అఫిక్సుల ఎగ్జాల్టెడ్ వస్తువును టెంపోరల్ శాంక్టమ్ అనే చోటు చివర్లో యూనిక్‌తో (నిర్ణీత గుణాలతో వచ్చే ప్రత్యేక వస్తువుతో) కలిపితే, యూనిక్‌కు ఎంత పొటెన్షియల్ ఉంటే అన్ని అఫిక్సులు ర్యాండమ్‌గా దాని మీదికి వస్తాయి, ఎగ్జాల్టెడ్ కరిగిపోతుంది. పొటెన్షియల్ 1 అయితే మీకు కావలసిన ఒక్కటి రావడం నాలుగింట ఒకటి. 2 అయితే ఆ ఒక్కటి రావడం సగం, ఫలానా రెండూ కలిసి రావడం ఆరింట ఒకటి. 3 అయితే ఆ ఒక్కటి రావడం నాలుగింట మూడు, ఫలానా మూడూ రావడం మళ్లీ నాలుగింట ఒకటి. ఈ లెక్క నుంచి వచ్చే సలహా సూటిగా ఉంది. ఏడో టైరు అఫిక్స్ ఒకటీ, పనికిరానివి మూడూ ఉన్న ఎగ్జాల్టెడ్‌ను తొందరపడి వేయకండి. ముందు ఆ మూడింటిని క్రాఫ్టింగ్‌తో పనికొచ్చేవిగా మార్చండి, టైరు చిన్నదైనా ఫరవాలేదు. నాలుగూ ఏదో రకంగా ఉపయోగపడేవైతే పాచిక ఎలా పడినా మీరు ఓడిపోరు. తాళం చెవి పట్టుకుని శాంక్టమ్‌కు పరుగెత్తేవాళ్లు వదిలేసే మెట్టు ఇదే.

ఈ ఆటలో నాకు నచ్చిన ఇంకో చిన్న విషయం, మోనోలిత్ అనే ఎండ్‌గేమ్ భాగంలో ఏ ఎకోలో (ఒక్కో చిన్న మజిలీలో) ఏ రకం బహుమతి ఉందో లోపలికి పోకముందే మ్యాప్ మీద కనబడడం. హెల్మెట్ కావాలంటే హెల్మెట్ వైపు దారి పట్టవచ్చు. ఏం కురుస్తుందో తెలియదు గానీ ఏ దిక్కున కురుస్తుందో తెలుస్తుంది.

పాత్ ఆఫ్ ఎగ్జైల్‌ను లాటరీల రాజధాని అంటారు, కానీ గ్రైండింగ్ గేర్ గేమ్స్ ఆ ఆటలోనే చక్కటి చీటీలు కూడా దాచింది. ఆరు లింకుల కవచం (నైపుణ్య రత్నాల గూళ్లు ఆరూ కలిసి ఉన్నది) కోసం ఫ్యూజింగ్ ఆర్బులు ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ పోవచ్చు, రెండు వందల్లో రావచ్చు, మూడు వేలలో రాకపోవచ్చు. లేదా క్రాఫ్టింగ్ బెంచ్ మీద 1500 కట్టి ఖాయంగా చేసుకోవచ్చు. దగ్గర 1500 లేనివాళ్లు కూడబెట్టే సంయమనం లేక ఒక్కొక్కటి కొట్టి పోగొట్టుకుంటారు. కవచం ఒక్కటే ఉండి, అది మీకు అత్యవసరమైతే బెంచ్ దారే పట్టండి. డివినేషన్ కార్డులూ ఇలాంటివే: డాక్టర్ కార్డులు ఎనిమిది కూడితే హెడ్‌హంటర్ బెల్టు, అపోథెకరీ కార్డులు అయిదు కూడితే మేజ్‌బ్లడ్ బెల్టు. కార్డు పడడం అరుదే, కానీ ఆరో డాక్టర్ కార్డు పడ్డాక మిగిలింది రెండే అని తెలుస్తుంది. సుడిగుండంలో ఈత కొట్టడానికీ, అవతలి ఒడ్డు కనబడే ఏట్లో ఈత కొట్టడానికీ ఉన్నంత తేడా.

అదే ఆటలో ఒక మాడ్‌ను (వస్తువు మీది గుణాన్ని) ర్యాండమ్‌గా తీసేసే అనల్‌మెంట్ ఆర్బ్ గురించి ఒక హెచ్చరిక. ఆరు మాడ్‌ల వస్తువు మీద ఒక్క చెడ్డ మాడ్ తీయాలని దాన్ని వేస్తే ఆరింట అయిదు సార్లు మంచిదే పోతుంది. అందుకని బెంచ్ మీద "ప్రిఫిక్సులు మార్చబడవు" అనే తాళం వేస్తారు (మాడ్‌లు ప్రిఫిక్సులు, సఫిక్సులు అని రెండు రకాలు). కొత్తవాళ్లు మరిచేది ఆ తాళం స్వయంగా ఒక సఫిక్స్ అని. మూడు సఫిక్సులూ నిండి ఉంటే తాళం వేయడానికి చోటే ఉండదు. ఒక మంచి సఫిక్స్, ఒక చెడ్డది, ఒక తాళం ఉన్నప్పుడు అనల్‌మెంట్ వేస్తే చెడ్డది పోవడం మూడింట ఒకటి, మంచిది పోవడం మూడింట ఒకటి, తాళమే ఊడిపోవడం మూడింట ఒకటి. ప్రిఫిక్సులు భద్రం, అంతవరకే. మంచి సఫిక్స్ పోయినా బెంచ్ మీద దగ్గరి ప్రత్యామ్నాయం దొరుకుతుందా అని ముందే చూసుకుని వేయాలి.

గుర్తుపెట్టుకునే పద్ధతి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది అడిగే ధర కూడా మనిషి అందుకోగలిగినట్టు ఉండాలి. డయాబ్లో 2లో హొరాడ్రిక్ క్యూబ్‌లో చిన్న రూన్లు (సామగ్రిలో పొదిగే మంత్రాక్షరాలు) కలిపి పెద్దవి చేసుకోవచ్చు. పుల్ అనే రూన్ నుంచి పైకి రెండు రూన్లూ ఒక రత్నమూ కలిపితే తర్వాతది. పుల్ నుంచి బెర్‌కు తొమ్మిది మెట్లు, అంటే ఒక్క బెర్‌కు 512 పుల్ రూన్లు. పేరుకు దారి ఉంది, ఎవరూ నడవలేరు. దానికంటే హెల్ కష్టస్థాయిలో హెల్‌ఫోర్జ్ మేలు: ఒక్కో పాత్రకు ఒక్కసారి, హెల్ అనే రూన్ నుంచి గుల్ దాకా పదకొండు రూన్లలో ఒకటి ఖాయం. పాత ఆటగాళ్లు కొత్త పాత్రలను వరుసగా అక్కడిదాకా తీసుకెళ్లేది అందుకే. ఇంకో మాట, మంచి వస్తువులు పడే అవకాశం పెంచే మ్యాజిక్ ఫైండ్ ఎంత పెంచినా రూన్ల మీద ప్రభావం సున్నా. యూనిక్‌ల మీద కూడా 300 శాతం పెడితే పనిచేసేది 136 శాతమే. రూన్ల కోసం తిరుగుతూ ఒంటినిండా మ్యాజిక్ ఫైండ్ వేసుకుని నెమ్మదిగా చంపడం రెండు విధాలా నష్టం.

డిజైనర్ల వైపు వాదన కూడా తెలుసు. గ్యారంటీ పెడితే అందరికీ అన్నీ త్వరగా దొరికి ఆట వారంలో ఖాళీ అవుతుంది అంటారు. అంకెలు ఆ మాటను ఒప్పుకోవు. సగటున 100 సార్లకు ఒకటి ఇవ్వాలని ఉందనుకోండి. 1 శాతం లాటరీ పెట్టే బదులు 0.5 శాతం పెట్టి, 138వ సారి ఖాయంగా ఇవ్వండి. సగటు మళ్లీ 100 దగ్గరే ఉంటుంది. ఆటలోకి వచ్చే వస్తువుల సంఖ్య పెరగలేదు. మొదటి రోజే కొట్టేసేవాళ్లు తగ్గారు, 459 సార్లు ఆడి ఏమీ లేనివాళ్లు మాయమయ్యారు. లాస్ట్ ఆర్క్‌లో హోనింగ్ (వస్తువు స్థాయి పెంచే ప్రయత్నం) విఫలమైన ప్రతిసారీ ఆర్టిసన్స్ ఎనర్జీ అనే గీత పెరిగి, 100 శాతం నిండితే తర్వాతిది ఖాయం. ఆ ఆటలో తిట్టుకోవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, ఈ ఒక్క గీత మాత్రం ఉండాల్సిన చోట ఉంది.

గట్టిగా నిలబడే వాదన మరొకటి ఉంది: వ్యాపారం. ఆటగాళ్లు అమ్ముకోగలిగితే, ఒకరికి పడ్డది అందరికీ చేరుతుంది కాబట్టి డ్రాప్ రేటు మొత్తం సంతను చూసి తగ్గించాలి. అప్పుడు ఒంటరిగా ఆడేవాళ్లు సంత కోసం పెట్టిన రేటుతో వేటాడాలి. డయాబ్లో 3 వేలం కేంద్రం ఇలాగే నేల మీది లూట్‌ను అర్థం లేనిదిగా చేసింది. దాన్ని 2014 మార్చి 18న మూసేశారు. ఈ ముడిని విప్పిన పద్ధతి మళ్లీ లాస్ట్ ఎపాక్‌దే: 2024 ఫిబ్రవరి 21న 1.0తో వచ్చిన రెండు వర్గాలు. మర్చంట్స్ గిల్డ్‌లో చేరితే కొనుగోలు, అమ్మకం. సర్కిల్ ఆఫ్ ఫార్చ్యూన్‌లో చేరితే డ్రాప్ ఎక్కువ, ప్రొఫెసీలతో ఏ రకం వస్తువు కావాలో ఎంచుకునే వీలు, అమ్మడం మాత్రం లేదు. ఎవరి రేటు వాళ్లది. మిగతా ఆటలు దీన్ని ఎందుకు ఎత్తుకుపోలేదో నాకు అర్థం కాదు.

విసుగులో పాచిక పాత్ర సగమే. మిగతా సగం పాచిక వేయడానికి ముందు చేసే పని. డయాబ్లో 4 రెండో సీజన్‌లో డూరియల్ అనే బాస్‌ను పిలవాలంటే రెండు గుడ్లు, రెండు షార్డులు కావాల్సి వచ్చేవి. గుడ్లు వర్షాన్ దగ్గర, షార్డులు గ్రిగోయిర్ దగ్గర. వాళ్లను పిలవడానికి మళ్లీ వేరే సరుకు. ఒక నిమిషం పోరాటానికి ముందు అరగంట సంచులు మోయడం. పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2 మొదటి రూపంలో ఆర్బిటర్ ఆఫ్ యాష్ అనే బాస్ దగ్గరికి పోవాలంటే మూడు రకాల సిటడెల్‌లలో ఒక్కో ముక్క తేవాలి, ఆ సిటడెల్‌లు అట్లాస్ అనే పటం పొగమంచులో ఎక్కడుంటాయో తెలియదు. మూడింటిలో రెండు దొరికి మూడోది దొరకక గంటల తరబడి మ్యాప్‌లు వేయడం పోరాటం కాదు, వెతుకులాట. అవకాశం లెక్కించేటప్పుడు ఈ సమయాన్ని కూడా కలపాలి.

ఆ లెక్క ఎలా వేయాలో ఇదీ. ముందు కావలసినది ఖచ్చితంగా కాగితం మీద రాయండి: ఏ వస్తువు, తప్పనిసరి స్టాట్లు ఏవి, ఉంటే బాగుండేవి ఏవి. తప్పనిసరివి రెండు దాటితే మళ్లీ ఆలోచించండి, మూడోది చేర్చితే వేట ఎన్నో రెట్లు పొడవవుతుంది. తర్వాత పది రన్‌లకు గడియారం పెట్టండి, లోడింగు, సంచి ఖాళీ చేయడం, తాళం చెవుల సంపాదన అన్నీ కలిపి సగటు తీయండి. అవకాశం 2 శాతం, రన్‌కు నాలుగు నిమిషాలు అయితే సగటు వేట 200 నిమిషాలు. కానీ మీరు పక్కన పెట్టాల్సింది 90 శాతం అంకె: 114 రన్‌లు, ఏడు గంటల ముప్పై ఆరు నిమిషాలు. గుర్తుంచుకోవడానికి, 2.3ను అవకాశంతో భాగిస్తే ఈ అంకె దాదాపు వచ్చేస్తుంది. ఆ గంటలు పెట్టాలని మనసుకు అనిపించకపోతే మొదటి రన్ కూడా వేయకండి. ఆ వస్తువు లేకుండా నడిచే బిల్డ్ చూసుకోండి.

లూట్ ఫిల్టర్‌ను (ఏ వస్తువు చూపాలో, ఏది దాచాలో చెప్పే నియమాల జాబితాను) మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు కఠినంగా పెట్టండి. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఫిల్టర్ ఫైల్‌లో పైనుంచి కిందికి చూస్తూ మొదట సరిపోయిన బ్లాక్‌నే ఆట పాటిస్తుంది, కాబట్టి అదే వస్తువుకు సరిపోయే బ్లాక్ పైన ఉండగా మీ ప్రత్యేక నియమం కింద రాస్తే అది పనిచేయదు. లాస్ట్ ఎపాక్‌లో కూడా జాబితాలో పైనున్న నియమానిదే పైచేయి. అన్నిటికంటే కింద "అన్నీ దాచు" పెట్టి, దాని మీద ఒక్కొక్కటి చూపించే నియమాలు పేర్చుకుంటూ రండి.

క్రాఫ్టింగ్ ఎప్పుడూ ఒంటి మీది వస్తువు మీద చేయకండి. రెండోది సంపాదించి దాని మీద పాచిక వేయండి, గెలిస్తే మార్చుకోండి. చవకగా పోయే మెట్టు ముందు, ఖరీదైన మెట్టు చివర. ఆట ఆ క్రమాన్ని తిరగేసి పెట్టినచోట, అరుదైన డ్రాప్‌ను పెట్టెలో ఉంచి ముందు నాసిరకం వస్తువు మీద మాన్యువల్‌లో ఏ అఫిక్సులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఎన్ని ప్రయత్నాల్లో ఆపాలో అంకె కూడా ముందే రాయండి, ఎందుకంటే అయిదోది తప్పిన తర్వాత రాసే అంకె ఎప్పుడూ ఆరే అవుతుంది.